ప్రశ్నల లెక్కతో ఎమ్మెల్యే పనితీరు తేలదు

సంపాదకులకు,

శాసనసభ సమావేశాలు ముగియగానే జిల్లా పేజీల్లో ఒక పట్టిక వస్తుంది. ఎవరు ఎన్ని ప్రశ్నలు వేశారు, ఎన్ని రోజులు హాజరయ్యారు, ఎవరు అసలు నోరు విప్పలేదు అని. చదవడానికి బాగుంటుంది, టీ కొట్టు దగ్గర వాదనకీ పనికొస్తుంది. కానీ డిగ్రీ, పీజీ ప్రాజెక్టు రిపోర్టులు కూడా ఇదే పట్టికను ఎత్తి రాసుకుని, పైన ‘శాసనసభ్యుల పనితీరుపై అధ్యయనం’ అని అట్ట వేసుకుంటున్నాయి. మా అభ్యంతరం అక్కడ.

ఆ అంకెలు ఎందుకు పనికిరావో ముందు చెప్పాలి. మంత్రి ప్రశ్న వేయడు, జవాబిస్తాడు. స్పీకరూ వేయరు. శ్రీకాకుళం జిల్లా నుంచి తంగి సత్యనారాయణ, కావలి ప్రతిభాభారతి, తమ్మినేని సీతారాం స్పీకర్లయ్యారు. ఈ పట్టిక ప్రకారం ఆ కుర్చీలో ఉన్నన్నాళ్ళూ ముగ్గురి పనితీరూ సున్నాయే. పార్లమెంటులో మంత్రులు హాజరు పట్టీలో సంతకమే పెట్టరు. సంతకం పెట్టిన సభ్యుడు సభలో పది నిమిషాలు కూర్చున్నాడో, పది గంటలు కూర్చున్నాడో ఆ పట్టీ చెప్పదు. లోక్‌సభలో రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు (మంత్రి సభలో నోటితో జవాబివ్వాల్సినవి) 20, రాతపూర్వక జవాబుల ప్రశ్నలు 230 మాత్రమే తీసుకుంటారు. నోటీసులు అంతకు మించి వస్తే చీటీలు తీస్తారు. అంటే ఎంపీ పేరు పక్కన కనిపించే అంకెలో అదృష్టం వాటా కూడా ఉంది. ఒకే ప్రశ్నకు నలుగురైదుగురు సభ్యుల పేర్లు కలిపి అచ్చవుతాయి. లెక్కలో మాత్రం తలా ఒకటి పడుతుంది. జాబితాలో ఉన్న ప్రశ్న సభ వాయిదా పడితే చర్చకే రాదు. మన శాసనసభలో 2017లోలాగా ప్రతిపక్షం సభను బహిష్కరించిన కాలంలో సగటు తీస్తే, బయటపడేది ఆ పార్టీ నిర్ణయమే గాని సభ్యుడి పనితీరు కాదు.

మరి ఏం చేయాలి? సభ్యుణ్ణి వదిలేసి, ఒక విషయాన్ని పట్టుకుని దాని వెంట నడవాలి. ఉదాహరణకు వంశధార ఎడమ కాలువ శివారు ఆయకట్టు. టెక్కలి, నందిగాం, పలాస, వజ్రపుకొత్తూరు వైపు రైతుకు నీరందకపోవడానికి కారణాలు ఒక్కచోట ఉండవు. మదుములో (కాలువ తూములో) పూడిక తీయడం, గుర్రపుడెక్క తొలగించడం 1997 రైతుల సాగునీటి నిర్వహణ చట్టం కింద నీటి సంఘం చూడాల్సిన పని. కాలువ ఆధునికీకరణకు నిధులు శాసనసభ బడ్జెట్‌లో తేలాలి. గొట్టా బ్యారేజీకి ఎగువన వంశధార మీద నేరడి బ్యారేజీ కట్టడం ఒడిశాతో ముడిపడిన వ్యవహారం. 2010లో వంశధార జల వివాదాల ట్రిబ్యునల్ ఏర్పడింది, 2017లో తీర్పు వచ్చింది, 2021లో తుది ఉత్తర్వు వెలువడింది. కాబట్టి అది పార్లమెంటులో అడగాల్సిన ప్రశ్న. మదుములో పూడిక గురించి ఎమ్మెల్యే అసెంబ్లీలో అడగకుండా జిల్లా సమీక్షా కమిటీలో ఇంజనీరును నిలదీస్తే అది తెలివైన పని. ప్రశ్నల పట్టికలో మాత్రం ఆయనకు ఏమీ పడదు.

ఇలాంటి ఒక విషయానికి ఆరు తేదీలు వెతకాలి: గ్రామసభలో ఎవరైనా నోటితో అన్న రోజు, అది తీర్మానాల పుస్తకంలోకి ఎక్కిన రోజు, మండలం నుంచో జిల్లా నుంచో శాఖకు ఉత్తరం వెళ్ళిన రోజు, సభలో ప్రశ్నగానో జీరో అవర్‌లోనో (అత్యవసర విషయాలు ప్రస్తావించే సమయంలోనో) వచ్చిన రోజు, పరిపాలనా అనుమతి జీవో వెలువడిన రోజు, మొదటి బిల్లు చెల్లించిన రోజు. ఈ తేదీల మధ్య ఎన్ని రోజులు గడిచాయన్నదే కొలత. ఎక్కడ తేదీ దొరకలేదో అక్కడ విషయం ఆగిపోయిందని అర్థం. పది విషయాలకు ఇలా గీత గీస్తే, మన దగ్గర మాట ఏ గుమ్మం దగ్గర ఎక్కువసార్లు ఆగుతోందో బయటపడుతుంది. అది పరిశోధన.

కష్టమంతా మొదటి రెండు తేదీల దగ్గరే. గ్రామసభలో అన్న మాట వేరు, పుస్తకంలో రాసిన మాట వేరు. కొన్నిచోట్ల తీర్మానం ముందే రాసి ఉంటుంది, సంతకాలు తర్వాత ఇంటింటికీ తిరిగి పెట్టిస్తారు. అందుకే పుస్తకం చూసి ‘హాజరు 150’ అని రాసుకోకూడదు. సభ మొదలైనప్పుడు, మధ్యలో, ముగిసేటప్పుడు మూడుసార్లు తలలు లెక్కపెట్టాలి. ఆడవాళ్ళను, మగవాళ్ళను విడివిడిగా. ఒక్కో సభకు ఇద్దరు వెళ్ళాలి. ఎవరు మాట్లాడారు, ఏ విషయం, ఎవరిని అడిగారు, అధికారి సూటిగా బదులిచ్చాడా, దాటేశాడా, అసలు పలకలేదా అన్నది ఒకరు ఒక పట్టీలో రాసుకోవాలి. ప్రతి మాట ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో రెండోవారు చూసుకోవాలి. పేర్లు వద్దు, ‘స్త్రీ 1’, ‘పురుషుడు 4’ చాలు. రికార్డు చేస్తున్నట్టు సర్పంచికీ కార్యదర్శికీ ముందే చెప్పి, సభ మొదట్లో అందరికీ వినిపించేలా ప్రకటించాలి. కులం సంగతి సభలో అడిగితే ఆ రోజు పని చెడినట్టే.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. పరిశోధకులు విజయేంద్ర రావు, పరోమితా సన్యాల్ దక్షిణాది రాష్ట్రాల్లో, మన రాష్ట్రంతో సహా, దాదాపు 300 గ్రామసభల సంభాషణలను అక్షరరూపంలో పెట్టి చదివారు. తమిళనాడు గ్రామసభల లిఖిత ప్రతుల మీద 2019లో అచ్చయిన మరో అధ్యయనంలో, ఆడవాళ్ళు మాట్లాడే అవకాశమే తక్కువని, మాట్లాడినా అధికారుల నుంచి ఆ విషయం మీద జవాబు రావడం ఇంకా తక్కువని, పంచాయతీ అధ్యక్ష పదవిలో మహిళ ఉన్న చోట పరిస్థితి కొంత మెరుగని తేలింది. స్థానిక సంస్థల్లో సగం పదవులు మహిళలకే ఉన్న మన జిల్లాల్లో ఇది సరిచూడడానికి కావలసింది రెండు ఫోన్లు, ఒక గడియారం, ఓపిక.

రికార్డింగును అక్షరాల్లోకి దించడం నడుం విరిచే పని. గంట ఆడియోకు ఐదారు గంటలు పడుతుంది. మైకు సర్పంచి దగ్గర ఉంటుంది గనుక ఒక్క ఫోనే ఉంచితే వేదిక మాటలే పడతాయి, వెనక కూర్చున్నవాళ్ళు మాయమైపోతారు. రెండో ఫోను వెనక వరసలో ఉండాలి. తర్వాత ప్రతి పది పట్టీల్లో ఒకదాన్ని ఇద్దరు విడివిడిగా వర్గీకరించి పోల్చాలి. ‘దాటేశాడు’ అని ఒకరు, ‘జవాబిచ్చాడు’ అని మరొకరు రాస్తుంటే నిర్వచనం సరిగా లేదన్నమాట. దాన్ని సరిచేసి మొత్తం మళ్ళీ వర్గీకరించాలి. దీన్ని ఎగ్గొట్టిన రిపోర్టును నమ్మనక్కర్లేదు.

తీర్మానాల పుస్తకం నకలు కోసం సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు. ఇవ్వకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. విద్యార్థులు చేసే తప్పు ‘ఎందుకు చేయలేదు’ అని అడగడం. చట్టం కాగితాలు ఇప్పిస్తుంది, సంజాయిషీలు ఇప్పించదు. ‘ఫలానా తేదీ గ్రామసభ నోటీసు, హాజరు పట్టీ, తీర్మానాల పేజీల నకళ్ళు’ అని రాస్తే తిప్పికొట్టడం కష్టం.

పరిశ్రమలకు పర్యావరణ అనుమతి ఇచ్చేముందు పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ సభల సంగతి కొంచెం సులువు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు నోటీసివ్వాలి, మొత్తం వీడియో తీయాలి, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. హాజరుకు కోరం అక్కర్లేదు. ఆ సభల్లో జనం అన్న మాట ఎంతదూరం వెళ్తుందో సోంపేట ప్రాంతంలో వేరే చెప్పక్కర్లేదు. 2010 జులై 14 పోలీసు కాల్పులకు ముందు నడిచిన ఆ థర్మల్ విద్యుత్ కేంద్రం వ్యవహారం కాగితాలను ఇప్పుడు తిరగేసినా, సభలో ప్రజలు అన్నదానికీ ఫైలులో నడిచినదానికీ ఎంత దూరమో కొలవవచ్చు.

శాసనసభ రికార్డుల్లో తగిలే చిక్కులు వేరు. పాత తెలుగు పీడీఎఫ్‌లు చాలావరకు ‘అను’ వంటి యూనికోడేతర (కంప్యూటరు వెతుకులాటకు అందని) ఫాంట్లలో ఉంటాయి. ‘వంశధార’ అని వెతికితే ఏమీ దొరకదు, అక్కడ ఉన్నా సరే. కళ్ళతో చదవాల్సిందే. ‘వంశధార’ అన్న ఒక్క మాటతో ఆగకుండా ‘గొట్టా’, ‘హిరమండలం’, ‘నేరడి’ కూడా వెతకాలి. ఇక ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబు దొరికితే అక్కడితో వదిలేయొద్దు. లోక్‌సభలో అలాంటి మాటను హామీగా లెక్కగట్టి మూడు నెలల్లో నెరవేర్చాలంటారు, లేకుంటే హామీల కమిటీ అడుగుతుంది. శాసనసభకూ అలాంటి కమిటీ ఉంది. మనవాళ్ళ రిపోర్టుల్లో ఆ కమిటీ ఊసే కనిపించదు.

డబ్బు సంగతికొస్తే, బడ్జెట్‌లో ప్రకటించిన మొత్తాన్ని ఖర్చుగా రాయడం సర్వసాధారణ దోషం. 2025-26 బడ్జెట్ పుస్తకంలో నిజంగా ఖర్చైన అంకె 2023-24దే. అందులో 2024-25కు దొరికేది సవరించిన అంచనా మాత్రమే. ‘ఖర్చైంది’ అనాలంటే రెండేళ్ళు ఆగాలి.

సరిహద్దుల దగ్గర ఎక్కువమంది బోల్తా పడతారు. శ్రీకాకుళం జిల్లా 1950లో విశాఖ నుంచి విడిపోయింది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డప్పుడు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం అటు వెళ్ళాయి. 2022 ఏప్రిల్ 4న రాజాం విజయనగరానికీ పాలకొండ పార్వతీపురం మన్యానికీ వెళ్ళాయి. నియోజకవర్గాలు మరో లెక్క. 2009 ఎన్నికల నుంచి సోంపేట, హరిశ్చంద్రపురం, ఉణుకూరు లేవు, పలాస, రాజాం వచ్చాయి. విజయనగరం వైపు భోగాపురం, సతివాడ పోయి నెల్లిమర్ల వచ్చింది. ‘1978 నుంచి 2024 దాకా శ్రీకాకుళం జిల్లా’ అని ఒకే గ్రాఫు గీస్తే అది ఒకే జిల్లా గురించి కాదు. మండలాన్ని యూనిట్‌గా పెట్టుకుంటే కొంత నయం. కానీ మండలాలు వచ్చిందే 1985లో.

పోలింగ్ శాతం మీద రాసేవాళ్ళకూ ఒక మాట. బూత్‌ల వారీ ఓట్లు ఫారం 20లో దొరుకుతాయి, పోలైన ఓట్ల లెక్క ఫారం 17సీలో ఉంటుంది. ఫారం 20లో పోస్టల్ ఓట్లు మొత్తం ఒకే వరుసలో ఉంటాయి, బూత్‌లకు పంచరు. సైన్యంలో ఇంతమంది పనిచేసే మన జిల్లాల్లో అది చిన్న విషయం కాదు. హైదరాబాద్, చెన్నై, విశాఖలకు పనికి వెళ్ళినవాళ్ళ పేర్లు ఊరి జాబితాలోనే ఉంటాయి. ఆ ఊళ్ళో పోలింగ్ తగ్గితే ‘చైతన్యం లేదు’ అని రాసేయడం అన్యాయం. కనీసం ఒక బూత్‌లో ఓటేయని ఇళ్ళకు వెళ్ళి, మనిషి ఊళ్ళో ఉన్నాడా లేడా అని అడిగి రాయాలి.

ఇదంతా చేయడానికి మనుషులు లేరనే మాట నిజం కాదు. డిగ్రీ విద్యార్థులకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి. ఆరుగురి బృందానికి 1,080 గంటలు. మూడు పంచాయతీల్లో నాలుగేసి గ్రామసభలు చూస్తే 12 సభలు. వెళ్ళిరావడానికి, రాసుకోవడానికి 100 గంటలు, ఆడియో దించడానికి మరో 100, వర్గీకరణకు 60. మిగతా సమయమంతా కాగితాల వెంట పడడానికే. ఇప్పుడు ఆ గంటలు ఇంటింటికీ తిరిగి ఒకే ప్రశ్నపత్రం నింపడానికి, చాలాసార్లు చెట్టుకింద కూర్చుని నింపడానికి ఖర్చవుతున్నాయి. అసలు అడ్డంకి తేదీలు. ప్రాజెక్టు గంటలు వేసవి సెలవుల్లో పడతాయి, గ్రామసభలు జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటి రోజుల్లో పెడతారు. పైగా అన్నిచోట్లా ఒకే రోజు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేసారి సభలు జరిగాయి. అలాంటి రోజు ఆరుగురు మూడు ఊళ్ళకు మించి వెళ్ళలేరు. కనుక ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కాలేజీలు ఆ 180 గంటలను ఏడాది పొడవునా విడదీసి చేసుకోనివ్వాలి. ఒక మండలంలో ఒక్కో బృందానికి వేర్వేరు ఊళ్ళు పంచి, అందరికీ ఒకే పట్టీ నమూనా ఇవ్వాలి. నమూనా మారితే ఒకరి లెక్క మరొకరితో కలవదు.

మీ పత్రిక నుంచి మేం కోరేది చిన్నది. సమావేశాల రోజుల్లో మా జిల్లాలకు సంబంధించిన ప్రశ్న వచ్చినప్పుడు, వార్తలో ప్రశ్న నంబరు, తేదీ, అది చర్చకు వచ్చిందా లేక రాతపూర్వక జవాబుతో సరిపెట్టారా అన్నది కూడా ఒక్క వాక్యంలో వేయండి. ఆ నంబరు ఉంటే విద్యార్థి అసలు జవాబు తీయగలడు. లేకపోతే రెండు వారాల కార్యక్రమాల పుస్తకాలు పేజీ పేజీ తిరగేయాలి.

– రాజనీతిశాస్త్రం, పాలనాశాస్త్రం అధ్యాపకులు కొందరు,
శ్రీకాకుళం