మనసు శంకించడం, ఒళ్లు చెప్పడం

సంపాదకులకు,

ముందే తెలిసిపోయిన ఆపదల గురించి పాఠకులు రాస్తున్న ఉత్తరాలు మీ పత్రికలో చదువుతున్నాను. 31 ఏళ్లు నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని. దాదాపు అందరిదీ ఒకే మాట: "ఆ రోజు పొద్దుటి నుంచీ మనసు కీడు శంకిస్తూనే ఉంది." శంకించినా ఏమీ జరగని రోజుల సంగతి ఒక్కరూ రాయలేదు. ఎవరికి గుర్తుంటాయి గనుక!

నేను రాసుకున్నాను. మా అబ్బాయి ఊళ్లు తిరిగే ఉద్యోగంలో చేరాక, గుండెలో దడ పుట్టినప్పుడల్లా పాత డైరీలో తేదీ వేసి పెట్టాను. నాలుగేళ్లలో 63 సార్లు. నిజమైంది ఒకటే, వాడి పెట్టె పోయింది. (నేను భయపడింది పెట్టె గురించి కాదు లెండి.)

1966 అక్టోబరులో వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో బొగ్గుగని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, వాళ్లలో 116 మంది పిల్లలు. ముందే తెలిసినవాళ్లుంటే రాయమని జాన్ బార్కర్ అనే మానసిక వైద్యుడు పత్రిక ద్వారా అడిగితే 76 ఉత్తరాలు వచ్చాయి. అన్నీ ఘోరం జరిగాక రాసినవే. ఆ లోటు ఆయనకూ తోచినట్టుంది, మరుసటి ఏడాది నుంచి జరగకముందే రాసి పంపమన్నాడు. వందలకొద్దీ వచ్చాయి, చాలావరకు ఉత్తవే అయ్యాయి.

అయినా అన్నిటినీ కొట్టిపారేయలేను. ఒక రాత్రి డ్యూటీలో ఒక పెద్దావిడకు రక్తం ఎక్కించడం మొదలుపెట్టి పది నిమిషాలు కాలేదు, నా చేయి గట్టిగా పట్టుకుని "సిస్టరమ్మా, నేను పోతున్నాను" అన్నది. జ్వరం లేదు. నాడి కాస్త వేగంగా ఉంది, అంతే. డాక్టరు గారు భయమన్నారు. నేను మాత్రం గొట్టం బిగించి రక్తం ఆపేశాను. సంచి మీద పేరు చూస్తే పక్క మంచం ఆవిడది! సరిపడని రక్తం ఎక్కినా, గుండెపోటు మొదలైనా, ఊపిరితిత్తుల రక్తనాళానికి గడ్డ అడ్డుపడినా, మందు వికటించినా కొందరు రోగులకు ఇలా చావు ముంచుకొస్తున్నట్టు అనిపిస్తుందని వైద్యగ్రంథాల్లోనే ఉంది. లోపల అప్పటికే మొదలైనదాన్ని ఒళ్లు పసిగడుతుందన్నమాట.

ఇకమీదట ఇలాంటి ఉత్తరాలు అచ్చువేసేటప్పుడు, ముందుగా ఎక్కడైనా రాసి పెట్టుకున్నారా అని అడగండి. మంచం పక్కన కూర్చున్నవాళ్లు మాత్రం, రోగి ఆ మాట అంటే కాగితం వెతుక్కోకుండా నర్సును పిలవండి.

– ఒక విశ్రాంత నర్సు