కాకిపెట్ట కబురు

ఉలవపాడు మండలం,
20 ఫిబ్రవరి 2025

ప్రియమైన రమణా,

నీ ఉత్తరం అందింది. జిల్లా పేరు నెల్లూరు అని సరిగ్గానే రాశావు కానీ, అమ్మ కవరు చూసి మొహం చిట్లించింది. 2022లో మా మండలాన్ని నెల్లూరులో కలిపిన సంగతి ఆమె ఇంకా ఒప్పుకోలేదు. ఆమెకు ప్రకాశం అన్న పేరే కొత్త, 1970లో పెట్టిన ఒంగోలు జిల్లా దగ్గరే ఆగిపోయింది.

సరే, అసలు విషయం. "వచ్చే నెల వస్తున్నాను, గారెలూ నాటుకోడి పులుసూ సిద్ధంగా ఉంచు" అని రాశావు. గారెలకు అభ్యంతరం లేదు. పులుసు సంగతి ఇది చదివాక మాట్లాడుకుందాం.

మా కాకిపెట్ట గుర్తుందా? కిందటిసారి నువ్వు అరుగు మీద కూర్చుని వేరుశనగకాయలు ఒలుచుకుంటుంటే నీ చేతిలోంచే గింజ లాక్కుపోయిన నల్ల పెట్ట. మొన్న కనుమనాడు వచ్చిన చుట్టాలందరి చూపూ దాని మీదే. తొమ్మిది గుడ్ల మీద పొదుగుకు కూర్చుంది, ముట్టుకోవద్దని అమ్మ అడ్డం పడింది. పండగ గండం అలా గడిచింది. నాలుగో రోజు, ఆదివారం, పట్టపగలు మూడు గంటలకు ముంగిస వచ్చింది.

నేను భోంచేసి నడుం వాల్చాను. ఉన్నట్టుండి పుంజు అరుపు. గద్ద కనబడితే కోళ్ళు సన్నగా, సాగదీసి ఒక కూత పెట్టి ఎక్కడివక్కడ నక్కుతాయి. నేల మీద నడిచే శత్రువును చూస్తే టకటకమని ఆగకుండా అరుస్తాయి. ఇది రెండో రకం. లేచి పరుగెత్తేసరికి గూడులోంచి గోధుమరంగు తోక ఒకటి కంచె కిందికి జారిపోయింది. దానిని తిట్టి ఏం లాభం? గూడు మూల వల ఊడి దసరా నుంచీ వేలాడుతోంది. రేపు బిగిస్తాను, ఎల్లుండి బిగిస్తాను అంటూ ఒక ఇటుక అడ్డం పెట్టి ఊరుకున్నాను. ముంగిస ఆ ఇటుకను పక్కకు కూడా నెట్టలేదు, దాని పైనుంచే దూరింది.

నాలుగు గుడ్లు పగిలి ఉన్నాయి. పెట్ట మాత్రం మిగిలిన అయిదింటి మీద రెక్కలు పరిచి, నోరు తెరిచి రొప్పుతోంది. నల్ల ఈకలు కదా, నెత్తురు కనబడలేదు. బాగానే ఉంది, బెదిరిందంతే అనుకుని చేత్తో ఎత్తాను. అరచేయి తడిసింది. మెడ వెనక రెండు పంటిగాట్లు, ఎడమ రెక్క కింద ఒక చీలిక. ఆ చీలిక దగ్గర, పెట్ట ఊపిరి వదిలినప్పుడల్లా ఒక చిన్న నెత్తుటి బుడగ ఉబ్బి పగులుతోంది. ఆ బుడగ చూసి నాకు కాళ్ళలో సత్తువ పోయింది.

"ఇక అది బతకదు. ప్రాణం ఉండగానే కోసేయడం పుణ్యం" అంది అమ్మ. అంటూనే వెళ్ళి తన పాత నేతచీర చింపి తెచ్చింది. ఆమె పుణ్యం లెక్కలు నాకెప్పుడూ అర్థం కావు.

ఈలోగా వాకిట్లో సభ చేరింది. ఒకరు కాఫీపొడి అద్దమన్నారు, ఒకరు పొగాకు నలిపి పెట్టమన్నారు. పక్కింటి బాబాయి కిరసనాయిలు సీసాతోనే వచ్చాడు. కోడి తన ఈకలు తనే ముక్కుతో దువ్వుకుంటుంది, ఏం పూసినా సగం దాని కడుపులోకే పోతుందని చెప్పి ఆయనను వెనక్కి పంపేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది. లీటరు నీళ్ళు కాచి చల్లార్చి, చెంచాన్నర ఉప్పు వేసి, గుడ్డతో మెడ మీది గాట్లు తుడిచాను. రెక్క కింద మాత్రం నీళ్ళు పోయలేదు, గాలి వచ్చే చోట నీళ్ళు పోస్తే లోపలికి పోతాయేమోనని చుట్టూ అద్ది ఊరుకున్నాను. గాయం చుట్టూ ఈకలు కత్తెరతో కత్తిరించాం. పీకితే చర్మం కూడా వస్తుంది.

దానికి వెచ్చదనం కావాలి, చీకటి కావాలి. కోడి ఒళ్ళు మామూలుగానే 41 డిగ్రీల పైన ఉంటుంది, ఆ రోజు కాళ్ళు చల్లబడిపోయాయి. వేడినిచ్చే పాత రకం బల్బు కోసం నాలుగిళ్ళు తిరిగాను. అన్నీ ఎల్‌ఈడీలే రా! వెలుతురే తప్ప వేడి లేదు. చివరికి సీసాలో వేణ్ణీళ్ళు పోసి, లుంగీలో చుట్టి పక్కన పెట్టి, గంప కమ్మి, పైన గోనెపట్టా కప్పాం. రెండు గంటలకోసారి సీసా మార్చడం ఆ రాత్రి నా ఉద్యోగం.

దాహంగా ఉంటుందని నోట్లో నీళ్ళు పోయబోయాను. అమ్మ చేతి మీద ఒకటి వేసింది. నాలుక మొదట్లోనే గాలి గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది, పోస్తే ఊపిరితిత్తుల్లోకే. బెల్లం కలిపిన నీళ్ళలో వేలు ముంచి ముక్కు అంచున ఒక చుక్క ఆనించాలట. అలాగే చేశాను. చాలాసేపు ఏమీ లేదు. కోడి కింది రెప్ప పైకి లేచి కన్ను మూస్తుందని ఇన్నేళ్ళూ నేను గమనించనేలేదు. ఆ రెప్ప సగం దిగింది. ముక్కు రెండుసార్లు చప్పరించినట్టు కదిలింది. తరవాత తల మెల్లగా పైకెత్తింది, మింగడానికి. తెల్లవారుజామున నాలుగు గంటలకు గోనెపట్టా కింద టార్చిలైటుతో కూర్చుని నేను నవ్వుకున్నాను. ఎవరికీ చెప్పకు.

సోమవారం పొద్దున మెడ పక్కన బుడగలా ఉబ్బింది. నొక్కితే చర్మం కింద చిటచిటమంటోంది. బుట్టలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ గారు నవ్వకుండా చూశారు, అదే పదివేలు. పక్షికి ఊపిరితిత్తులతో పాటు ఒంట్లో తొమ్మిది గాలి సంచులు ఉంటాయట, పన్ను దిగి ఒకటి చిల్లుపడితే గాలి చర్మం కిందికి చేరుతుందట. సూదితో గాలి తీశారు, గాయం కడిగి అయిదు రోజులకు మందు ఇచ్చారు. అన్నిటికంటే ఈగలను కనిపెట్టమన్నారు. గాయం మీద ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగు పడుతుంది. గంప చుట్టూ దోమతెర కట్టాను. ఇంట్లో మేం దోమల్లో, కోడి దోమతెరలో!

మూడు రోజులు ఆకుపచ్చ రెట్టలే. తిండి లేక పసరు దిగుతోందని అమ్మ చెప్పింది. నాలుగో రోజు ఉడికించిన గుడ్డు చిదిపి పెడితే తింది. కోడికి గుడ్డు పెట్టడం ఏమిటో అనిపించింది కానీ, అది ఏమీ అనుకోలేదు. తరవాత నానబెట్టిన సజ్జలు, పెరుగన్నం. పదో రోజుకు గాయం మీద నల్లగా పక్కు కట్టింది.

గుడ్ల సంగతి చెప్పలేదు కదూ. మిగిలిన అయిదూ అమ్మ ఆ సాయంత్రమే పక్కింటి పొదుగు పెట్ట కింద పెట్టింది. ఎనిమిదో రోజున, ఇరవై ఒకటో రోజు లెక్క తప్పకుండా, మూడు పిల్లలు లేచాయి. తల్లీబిడ్డలను కలుపుదామని నేను ఎంతో ముచ్చటపడి ఒక పిల్లను తెచ్చి దీని ముందు పెట్టాను. టక్కున ఒక్క పోటు పొడిచింది. పొదుగు వేడి పోయాక దానికి అది పరాయి పిల్లేనట.

ఈ నెలలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ అని వార్తలు రాగానే మా ఆవిడ కంగారు పడింది. కిందటేడు ఇదే నెలలో మన పొదలకూరు, కోవూరు మండలాల దాకా వచ్చిందాయె. గంప ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడిగితే తప్ప నన్ను వంటింట్లోకి రానివ్వడం లేదు. దాంతో నాకు పేచీ లేదు.

మిగతా కోళ్ళతో కలపడానికి ఇంకో వారం పట్టింది. ఎర్రగా కనబడితే చాలు, తోటి కోళ్ళే పొడిచి చంపుతాయి. అందుకే పక్కు రాలే దాకా గంపను వాకిట్లో వాటి మధ్యనే ఉంచి, ఒక రాత్రి చీకట్లో గూటిలోకి చేర్చాను. తెల్లారి పుంజును ఒకసారి తరిమింది, దాంతో దాని స్థానం దానికి దక్కింది. ఎడమ రెక్క కొంచెం జారినట్టే ఉంది. కత్తిరించిన ఈకలు మళ్ళీ ఈకలు రాల్చే కాలం దాకా రావట, అందాకా ఆ పక్క బోడిగానే. కందుకూరు వెళ్ళి అరంగుళం కన్నాల ఇనుప వల తెచ్చి, అడుగు లోతు పాతి మరీ గూడు చుట్టూ బిగించాను. వలకూ మందుకూ అయిన ఖర్చుతో మూడు పెట్టలు కొనవచ్చని బాబాయి లెక్క కట్టి వినిపిస్తున్నాడు. మొన్న సాయంత్రం కంచె మీద అదే ముంగిస కూర్చుని వల వైపు చూస్తోంది. పిల్లలున్న ఆడది కాబోలు, పొట్ట వేలాడుతోంది. రాయి తీశాను, విసరలేదు.

బస్సులో ఒక పెట్టె సపోటాలు పంపుతున్నాను. గట్టిగా ఉన్నాయి, బియ్యంలో రెండు మూడు రోజులు మగ్గబెట్టు. వచ్చే ముందు ఫోను చెయ్యి. పులుసుకు చేపలు చెప్పి ఉంచుతాను.

నీ
సుబ్బు