సైబీరియా పక్షులు చెట్ల మీద లేవు, ఉప్పుమళ్ళలో ఉన్నాయి

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఏటా చలి మొదలుకాగానే మన శ్రీకాకుళం జిల్లా సంచికలన్నింటిలోనూ, మీ పత్రికతో సహా, తేలినీలాపురం పక్షి కేంద్రంలోని చెట్ల మీద గుంపులుగా వాలిన పక్షుల ఫొటో ఒకటి, దాని కింద సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులంటూ ఒక వ్యాఖ్య తప్పనిసరిగా కనిపిస్తాయి. ఫొటోతో నాకు పేచీ లేదు, అది రావలసిందే. వ్యాఖ్య మాత్రం నిజం కాదు. వచ్చిన చోటు పేరు తప్పుపడటంతో సరిపోయేదైతే నేను ఇంత ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నిజంగా సైబీరియా నుంచి వచ్చే పక్షులు ఈ జిల్లాలోనే, అదే పక్షి కేంద్రానికి కూతవేటు దూరంలో ఉండి కూడా ఎవరి కంటా పడకుండా పోతున్నాయన్నదే నా ఫిర్యాదు.

తేలినీలాపురంలో గూళ్ళు కట్టేవి ప్రధానంగా రెండు జాతులు. ఒకటి మచ్చల ముక్కు పెలికాన్, రెండోది పెయింటెడ్ స్టార్క్ అని పిలిచే పెద్ద కొంగ. రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షులే. వానాకాలంలో ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి వచ్చే ఓపెన్ బిల్ కొంగల సంగతీ అంతే. వరిచేలల్లో నత్తలు ఏరుకు తినే పక్షికి మంచునేలలో పనేముంటుంది? చలికాలం గడపడానికి ఉత్తరం నుంచి దిగివచ్చే పక్షి మన దగ్గర గూడు కట్టదు, గుడ్లు పెట్టదు. ఆ పని తిరిగి వెళ్ళాక తన నేల మీద చేసుకుంటుంది. మన ఊరి చెట్ల మీద గూడు కట్టి, పిల్లల్ని లేపి, ఎగరడం నేర్పి తీసుకువెళ్ళే పక్షి ఈ ఉపఖండానిదే. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలని పల్లెల్లో వాటిని గురించి చెప్పుకునే మాటే, మన పత్రికల వ్యాఖ్య కంటే శాస్త్రానికి దగ్గరగా ఉంది.

మరి నిజమైన ఉత్తరాది పక్షులు ఎక్కడ? నౌపడ ఉప్పుమళ్ళలో, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గరి బురదమేటల్లో, సోంపేట, కవిటి వైపు తంపరలనే చిత్తడినేలల్లో వెతకాలి. అవి చిన్న పిట్టలు, బూడిదరంగువి, దూరం నుంచి చూస్తే మట్టిబెడ్డలకూ వాటికీ తేడా తెలియదు. కర్ల్యూ శాండ్‌పైపర్ అనే పిట్టను తీసుకుందాం. బరువు అరవై గ్రాములకు అటూ ఇటూ, కిందికి వంగిన పొడవాటి ముక్కు, మోకాలి లోతు నీళ్ళలో నడుస్తూ ముక్కును బురదలోకి దించి పైకి తీస్తూ ఉంటుంది. అది పుట్టేది ఉత్తర సైబీరియాలోని తైమిర్ ద్వీపకల్పంలోనూ దాని చుట్టుపక్కల తుండ్రా నేలల్లోనూ. అక్కడి నుంచి మన తూర్పు తీరానికి తిన్నగా గీత గీసినా ఆరు వేల కిలోమీటర్లు దాటుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తిరుగు ప్రయాణానికి ముందు కొన్నింటి రొమ్ము, పొట్ట ఇటుకరంగుకు తిరుగుతాయి. అప్పుడు చూసినవారికి అది వేరే పక్షేమో అనిపిస్తుంది. దానికంటే చిన్నది లిటిల్ స్టింట్, పాతిక ముప్ఫై గ్రాములకు మించదు. అదీ ఆర్కిటిక్ పక్షే. వీటి ఫొటో మన జిల్లా సంచికలో వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

ఈ సంగతి ఇంత గట్టిగా నా మనసులో పడటానికి కారణం గత చలికాలం ఇంగ్లండ్‌లో గడపడం. మా అమ్మాయి ఉద్యోగరీత్యా సౌతాంప్టన్‌లో ఉంటోంది. డిసెంబరులో అక్కడ పగలు ఎనిమిది గంటలే, సాయంత్రం నాలుగింటికే సూర్యుడు దిగిపోతాడు, సముద్రపు గాలి ఎముకలు కొరుకుతుంది. అలాంటి వేళ పనిగట్టుకుని కరకట్టల మీద నిలబడి పక్షులను చూసేవారుంటారని వింటే నేను నమ్మేవాణ్ణి కాదు. పోర్ట్స్‌మత్ పక్కన లాంగ్‌స్టన్ హార్బరులోకి చొచ్చుకుపోయిన ఫార్లింగ్టన్ మార్షెస్ అనే చిత్తడినేల ఒకటుంది. వెనక మోటారు రహదారి హోరు ఆగదు, ముందు కనుచూపు మేర బురద. ఆ బురద మీద వేల పక్షులు. చూసేవారు ముందుగా పోటు వేళల పట్టిక చూసుకుని బయలుదేరుతారు, ఎందుకంటే ఆటు వేళ పక్షులు మైళ్ళ కొద్దీ బురదలో చెదిరిపోయి మేత మేస్తాయి; పోటు ఎక్కుతున్నకొద్దీ నీరు వాటిని వెనక్కి నెట్టుకొచ్చి, చివరికి కట్ట లోపలి మడుగు దగ్గరకు గుంపుగా చేరుస్తుంది. పోటు నిండడానికి రెండు గంటల ముందు వెళ్ళి నిలబడితే పక్షులే మన దగ్గరకు వస్తాయి. మన తీరంలో పోటు అంత ఎత్తు లేవదు గాని, నౌపడలోనూ ఇదే సూత్రం పనిచేయాలి.

అక్కడ చలికాలంలో ఎక్కువగా కనిపించేవి బ్రెంట్ గూస్ అనే నల్లని చిన్న బాతులు. మెడ పక్కన సన్నని తెల్లగీత, తోక కింద తెలుపు, మిగతా ఒళ్ళంతా మసి. అవి కూడా తైమిర్ ప్రాంతం నుంచి వచ్చేవే. అంటే, ఒకే తుండ్రాలో ఒకే వేసవిలో గుడ్లు పొదిగిన పక్షుల్లో కొన్ని పడమటికి తిరిగి పోర్ట్స్‌మత్ చేరాయి, కొన్ని దక్షిణానికి దిగి బంగాళాఖాతం తీరాలకు వచ్చాయి. టెలిస్కోపు పెట్టుకున్న ఒక పెద్దావిడ నాకు ఆ గుంపులో ఈ ఏడాది పిల్లలను గుర్తుపట్టడం చూపించారు. పిల్ల బాతు రెక్క మీద లేత చారలు అడ్డంగా ఉంటాయి, పెద్ద బాతుకు ఉండవు. వందకు ఎన్ని పిల్లలున్నాయో లెక్కిస్తే తైమిర్‌లో ఆ వేసవి ఎలా గడిచిందో తెలుస్తుందట. అక్కడ లెమ్మింగ్ అనే ఎలుకజాతి జంతువులు విపరీతంగా ఉన్న ఏడు నక్కలు వాటిని తిని తృప్తిపడతాయి, బాతుపిల్లలు బతుకుతాయి. లెమ్మింగులు తగ్గిన ఏడు నక్కల చూపు గూళ్ళ మీద పడుతుంది, ఆ చలికాలం ఇంగ్లండ్‌లో పిల్లబాతులు దాదాపు కనిపించవు. మన కర్ల్యూ శాండ్‌పైపర్ పిల్లల గతీ ఆ ఎలుకల మీదే ఆధారపడి ఉంది. జంతుశాస్త్రం చెప్పి రిటైరైన నాకు ఆ మాట వినగానే నౌపడ గుర్తుకొచ్చింది.

పక్షులను మించి నన్ను ఆలోచనలో పడేసిన చోటు లిమింగ్టన్. సౌతాంప్టన్‌కు నైరుతిగా సముద్రం ఒడ్డున ఉన్న ఈ చిన్న పట్నం ఒకప్పుడు ఉప్పుకు పేరుపడింది. సముద్రపు నీటిని లోతులేని మడుల్లోకి తిప్పి, ఎండకూ గాలికీ చిక్కబడనిచ్చి, ఆ తరువాత పొయ్యిల మీద కాచి ఉప్పు తీసేవారు. చెషైర్ గనుల ఉప్పు చౌకగా రావడంతో 19వ శతాబ్దంలో ఆ పరిశ్రమ మూతపడింది. మడులు మాత్రం పోలేదు. కట్ట వెనక మడుగులుగా మిగిలి, నేడు చలికాలపు పక్షులకు పోటు వేళ ఆశ్రయమిస్తున్నాయి, ఆ కట్ట మీదే కాలిబాట. అలాగే రింగ్‌వుడ్ పక్కన బ్లాష్‌ఫర్డ్ లేక్స్ అనేవి ఇళ్ళ నిర్మాణానికి కంకర తవ్వగా మిగిలిన గోతులు. నీరు నిండి, ఇప్పుడు మన చెరువులకూ వచ్చే సూదితోక బాతుల వంటి వాటికి ఆటపట్టు అయ్యాయి. పక్షులను చూడటానికి అక్కడ ఉండేది చెక్కతో కట్టిన చిన్న గది, మనిషి కూర్చుంటే కళ్ళ ఎత్తులో అడ్డంగా ఒక సందు, లోపల బల్ల, గోడకు ఆ రోజు కనిపించిన పక్షుల పేర్లు రాసే పలక. అంతకుమించి హంగేమీ లేదు. వాళ్ళు దాన్ని హైడ్ అంటారు. పక్షికి మనిషి కనిపించకపోవడమే దాని పని.

అక్కడి వారందరూ ఆదర్శమూర్తులని నేను అనను. ఎక్కడో ఒక అరుదైన పిట్ట దిగిందని తెలిస్తే కారులో వందల మైళ్ళు పరుగెత్తి వచ్చి, చూశానని పుస్తకంలో టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయే వారూ ఉన్నారు, వారి ధోరణి నాకు నచ్చలేదు. నేను మెచ్చింది లెక్కపెట్టేవారిని. 1947లో మొదలైన నీటిపక్షుల లెక్క నేటికీ ఆగలేదు. 3,000 మందికి పైగా స్వచ్ఛందులు, ఒక్కొక్కరు తమకు కేటాయించిన తీరపు ముక్కకో చెరువుకో నెలకొకసారి, ముందే నిర్ణయించిన తేదీన వెళ్ళి, ఏ జాతి ఎన్ని ఉన్నాయో రాసి పంపుతారు. ఉన్న పక్షులను రాయడం ఎంత ముఖ్యమో, లేనప్పుడు సున్నా అని రాయడం వారికి అంత ముఖ్యం. ఆ అంకెలు ఉన్నందువల్లే, తీరానికి 5.6 కిలోమీటర్ల లోపు కొత్త ఇల్లు కట్టే ప్రతి నిర్మాణదారుడి నుంచీ పక్షుల రక్షణకు కొంత సొమ్ము వసూలు చేసే పద్ధతి, సౌతాంప్టన్, పోర్ట్స్‌మత్‌ల ముందున్న సోలెంట్ అనే సముద్రశాఖ చుట్టూ అమలవుతోంది. ఆ సొమ్ముతో చలికాలంలో ఒడ్డున తిరిగే సిబ్బంది, కుక్కలను గొలుసు విప్పి వదలవద్దని, పక్షులను అనవసరంగా ఎగరగొట్టవద్దని మర్యాదగా చెబుతారు. చలిలో ఊరికే లేచి ఎగిరినప్పుడల్లా పక్షి తిన్న తిండిలో కొంత వృథా అవుతుంది.

ఇప్పుడు మన సంగతి. సంతబొమ్మాళి మండలంలో నౌపడ ఉప్పుమళ్ళున్నాయి, అదే మండలంలోని మూలపేటలో ఓడరేవు కడుతున్నారు. రేవు వద్దని నేను అనడం లేదు. జిల్లా యువకులు పని కోసం ఎంత దూరం పోతున్నారో తెలిసినవాణ్ణి. అయితే కట్టేవారి నుంచి ఒడ్డు పక్షుల కోసం కొంత సొమ్ము కోరాలంటే ముందు ఆ పక్షులు ఎన్నో మన చేతిలో ఉండాలి. థర్మల్ విద్యుత్ కేంద్రాలు రాకుండా, బీల అని పిలిచే చిత్తడినేలలను కాపాడుకోవడానికి సోంపేటలో 2010లోనూ, కాకరాపల్లిలో 2011లోనూ జనం ప్రాణాలొడ్డి నిలబడ్డారు. బీల అంటే వట్టి బీడు నేలని రికార్డుల్లో రాసుకున్నవారికి అక్కడి చేపల గురించి, గడ్డి గురించి, పక్షుల గురించి పల్లెవాసులే నోటితో చెప్పవలసివచ్చింది, చూపించడానికి ఏళ్ళ తరబడి రాసిన లెక్క ఏదీ లేదు. 2021 చివర, 2022 మొదట్లో తేలినీలాపురంలో పెలికాన్లు వరసగా చనిపోయినప్పుడు కూడా, చెట్టు కింద రాలిన పక్షి కనిపించింది గనుక అందరికీ తెలిసింది. ఉప్పుమడిలో చిన్న పిట్టలు సగానికి సగం తగ్గిపోతే ఎవరికి తెలుస్తుంది?

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. మన జిల్లాలో దానికి నౌపడ, కళింగపట్నం, తంపరలు మూడింటినీ స్థిరమైన చోట్లుగా పెట్టుకుని, ఏటా అవే గట్ల మీద నుంచి అదే పోటు వేళ లెక్కించాలి. పని అటవీశాఖ ఒక్కదాని వల్ల కాదు. టెక్కలి, పలాస, సోంపేట కళాశాలల్లో జంతుశాస్త్రం చెప్పేవారు, ఉప్పు రైతులు, వల వేసేవారు కలిస్తే అవుతుంది. ఏ మడి ఎప్పుడు ఎండుతుందో, ఏ గట్టు మీద పిట్ట నిద్రపోతుందో ఉప్పు రైతుకు తెలిసినంత మరెవరికీ తెలియదు, కాబట్టి అతన్ని కూలీగా కాక లెక్క రాసేవాడిగా చేర్చుకోవాలి. పొరుగున చిలికా ఒడ్డు మంగళాజోడిలో ఒకప్పుడు పక్షులను వేటాడినవారే నేడు పడవలు నడుపుతూ వచ్చినవారికి వాటిని చూపిస్తున్నారు. ఇచ్ఛాపురం నుంచి అది ఒక్క పూట ప్రయాణం, మనవాళ్ళు వెళ్ళి చూసి రావచ్చు. పర్యాటకం పేరుతో ఎత్తైన సిమెంటు మేడలు, రంగు దీపాలు, మైకులు మాత్రం వద్దు. నౌపడ గట్టు మీద సరుగుడు కర్రలు, తాటాకులతో ఒక చిన్న మరుగు కడితే సరిపోతుంది, తుపానుకు పోతే మళ్ళీ కట్టుకోవచ్చు.

మీ పత్రికను నేను కోరేవి రెండే. ఈ ఏడు తేలినీలాపురం ఫొటో వేసినప్పుడు సైబీరియా అన్న మాట తీసివేయండి. జనవరి లెక్క ముగిసిన వారంలో, ఏ చోట ఏ పక్షి ఎన్ని కనిపించాయో జిల్లా సంచికలో ఒక పట్టికగా ప్రచురించండి. మొదటి ఏడాది పేర్లు తేల్చుకోలేని పిట్టలు చాలానే ఉంటాయి. వాటిని చిన్న బురదపిట్టలు, జాతి తెలియలేదు అని ఒకే వరుసలో వేసినా ఫరవాలేదు, అంకె మాత్రం సరిగా ఉండాలి.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర ఉపన్యాసకుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా