ఏ ఆర్డరు మీద అప్పీలుంటుందో ఆ ఆర్డరులోనే రాయాలి

సంపాదకులు గారికి,

మీ పేపర్లో కోర్టు వార్తల చివర ‘దీనిపై అప్పీలుకు వెళతాం’ అని ఓడినవాళ్ల మాట ఒకటి తరచూ కనిపిస్తుంటుంది. జడ్జి గారు ఏ కాగితం మీద సంతకం పెట్టినా దాని మీద అప్పీలుంటుందనే నేనూ అనుకునేవాణ్ణి. కంచరపాలెంలో మా ఇంటికీ పక్కింటికీ మధ్యనున్న మూడడుగుల సందు పుణ్యమా అని అది కాదని తెలిసింది.

నిరుడు పక్కింటాయన ఆ సందులోకి పునాది తవ్వాడు. దావా వేశాం. దాంతోపాటే రెండు ఐ.ఏ.లు, అంటే దావా తేలేలోపు వేసే మధ్యంతర పిటిషన్లు, పెట్టాం. గోడ కట్టకుండా ఇంజంక్షన్ ఇమ్మని ఒకటి, కోర్టు తరఫున స్థలం కొలవడానికి అడ్వకేట్ కమిషనర్‌ను వెయ్యమని ఇంకోటి. రెండూ ఒకేరోజు కొట్టేశారు. మా వకీలు గారు కూతురి పెళ్లి పనుల్లో ఊళ్లో లేరు. తెలిసినవాళ్లను అడిగితే ‘ఇంకేముంది, రెండిటికీ హైకోర్టే’ అన్నారు. నకళ్లు తీసుకుని, డబ్బు సర్దుకుని, రత్నాచల్ ఎక్కి బెజవాడలో దిగేసరికి ఆర్డరు వచ్చి 52 రోజులైంది.

అక్కడి వకీలు రెండు ఆర్డర్లనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఇంజంక్షన్ ఆర్డరు మీద అప్పీలుంది, అయితే అది వేయాల్సింది మా విశాఖలోనే, పై కోర్టులో, 30 రోజుల్లోపు. నకలు కోసం ఎదురుచూసిన రోజులు మినహాయిస్తారు గానీ, మాకు అవి తీసేసినా గడువు దాటిపోయింది. కమిషనర్ ఆర్డరు మీద అప్పీలే లేదు. అక్కర్లేని చోటికి రైలెక్కి, వెళ్లాల్సిన చోటికి ఆటోలో కూడా వెళ్లలేదన్నమాట.

తర్వాత మా ప్లీడరు గుమస్తా గారు విడమర్చి చెప్పారు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 43వ ఆర్డరు (ఇక్కడ ఆర్డరంటే ఆ చట్టంలో ఒక భాగం), 1వ రూలు కింద ఒక జాబితా ఉంది. ఇంజంక్షన్ ఇచ్చినా ఇవ్వకపోయినా, ఆస్తిని చూసుకోవడానికి రిసీవర్‌ను వేసినా, ఎక్స్‌పార్టీ డిక్రీ (ప్రతివాది రాకుండానే ఇచ్చిన తీర్పు) ఎత్తెయ్యమంటే కుదరదన్నా దావా మధ్యలోనే అప్పీలు వేసుకోవచ్చు. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. జాబితాలో లేనిదానికి అనుమతి అడిగినా అప్పీలు రాదు. కమిషనర్‌ను వెయ్యనన్నా, ప్లెయింటు (దావా కాగితం) సవరణ ఒప్పుకోకపోయినా అంతే. ఆ తప్పును చివర్లో డిక్రీ మీద వేసే అప్పీలులో ఎత్తిచూపమంటుంది 105వ సెక్షను. అప్పటిదాకా ఆగలేకపోతే రాజ్యాంగం 227వ అధికరణం కింద హైకోర్టులో సి.ఆర్.పి., అంటే కింది కోర్టు ఆర్డరును సరిచూడమనే సివిల్ రివిజన్ పిటిషను, వేసి చూడాలి. 115వ సెక్షను రివిజను ఒకప్పుడు ఇలాంటివాటికి పనికొచ్చేదట. 2002 నుంచి దాన్ని బాగా బిగించేశారు. ఆ ఆర్డరు మనకు అనుకూలంగా వచ్చుంటే దావానే ముగిసిపోయేదైతే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు.

‘మరి లీవ్ కావాలంటారు, అదేటి?’ అన్నాను. పోర్టులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసినవాణ్ణి, నాకు లీవంటే సెలవే. ఆయన నవ్వి, ‘అది పార్టీ కానోళ్లకి బాబూ. దావాలో పేరు లేకపోయినా ఆర్డరు వల్ల దెబ్బ తగిలినోళ్లు అప్పీలు చెయ్యాలంటే పై కోర్టుని లీవ్, అంటే అనుమతి, అడగాల. మీరు వాది కదేటి, మీకెందుకది?’ అన్నారు.

మధ్యంతర ఉత్తర్వుల మీద హద్దూ అదుపూ లేకుండా అప్పీళ్లు ఉండాలని నేననను. ప్రతి ఐ.ఏ.కీ పై కోర్టుకి పోతే దావా మనవల కాలానికి గానీ తేలదు. జాబితా ఉండనివ్వండి. కానీ అది వకీళ్ల బీరువాలోనే ఉంటే మాలాంటివాళ్లకేం లాభం? ప్రతి ఆర్డరు అడుగున తెలుగులో రెండు వాక్యాలు రాయించమని హైకోర్టు వారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను: దీని మీద అప్పీలుందా లేదా, ఉంటే ఏ కోర్టులో, ఎన్ని రోజుల్లో. కరెంటు బిల్లు మీద కూడా ఆఖరి తేదీ ఉంటుంది.

మీ విలేకరులూ కొంచెం చూసుకుని, అప్పీలైతే అప్పీలని, రివిజనైతే రివిజనని రాస్తే బాగుంటుంది.

ఇప్పుడు మా అప్పీలుతోపాటు ఆలస్యాన్ని మన్నించమనే పిటిషను కూడా ఉంది. అవతలివాళ్లు కౌంటరు వేయడానికి టైమడిగారు, వాయిదా వచ్చే నెలకు పడింది. పక్కింటి గోడ మా వంటింటి కిటికీ ఎత్తుకు వచ్చింది. పట్టపగలే అక్కడ లైటు వేసుకుంటున్నాం.

ఇట్లు,
రిటైర్డు పోర్టు ఉద్యోగి,
కంచరపాలెం, విశాఖపట్నం