మాజీ ఆటగాడు కోచ్ అయ్యాక ఏం చేశాడో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్తే.

యూరప్‌లోనో దక్షిణ అమెరికాలోనో పేరు మోసిన ఫుట్‌బాలర్ ఒకాయన ఆట మానేసి ఇంకో దేశం వెళ్లి కోచ్‌గా చేరాడంటే మీ స్పోర్ట్స్ పేజీలో ఫొటోతో సహా వార్త వస్తుంది. రావాల్సిందే, నేనూ ఆసక్తిగానే చదువుతాను, కాంట్రాక్ట్ ఎన్నేళ్లు, జీతం ఎంత అని కూడా వెతుకుతాను. నా బాధల్లా ఒక్కటే. ఇదే పని మన హైదరాబాద్ మనిషి చేస్తే దాని గురించి తెలుగు పేపర్లో చదివే భాగ్యం నాకు ఇంతవరకు కలగలేదు.

సయ్యద్ నయీముద్దీన్ సంగతే చూడండి. మన ఊళ్లో పుట్టిన మనిషి, డిఫెండర్, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఇండియా కెప్టెన్. అక్కడ కాంస్యం వచ్చింది, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఇప్పటికీ అదే ఆఖరి పతకం. ఆట అయిపోయాక కోచింగ్‌లోకి దిగాడు. 1990లో ఆయన చేతి కింద కలకత్తా క్లబ్ ఈస్ట్ బెంగాల్ ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరండ్, రోవర్స్ మూడు కప్పులూ ఒకే సీజన్లో ఎగరేసుకుపోయింది. అదే ఏడాది కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు ఇచ్చారు. మరి ఆటగాడిగా అర్జున ఎప్పుడిచ్చారంటే 1997లో! ముందు గురువుగా గుర్తించి, ఏడేళ్లు ఆలోచించుకుని, ఆ తర్వాత అవునవును ఈయన ఆడాడు కూడా కదా అని గుర్తు తెచ్చుకున్నారన్నమాట. మన ఢిల్లీ ఫైళ్లకే చెల్లింది.

అసలు కథ తర్వాతది. ఢాకా వెళ్లి బ్రదర్స్ యూనియన్ అనే క్లబ్‌కు కోచ్‌గా పనిచేశాడు. 2005 డిసెంబర్‌లో కరాచీలో శాఫ్ (దక్షిణాసియా దేశాల టోర్నీ) ఫైనల్లో ఇండియా 2-0తో బంగ్లాదేశ్‌ను ఓడించినప్పుడు మన జట్టు కోచ్ ఈయనే. 2007లో అదే బంగ్లాదేశ్ తమ జాతీయ జట్టును తెచ్చి ఈయన చేతిలో పెట్టింది! రెండేళ్ల కిందట తమను ఫైనల్లో ఓడించిన వాణ్ణే పిలిచి మా పిల్లలకు నేర్పు బాబూ అన్నారంటే ఆ మనిషి పనితనం మీద ఎంత నమ్మకం ఉండాలి? ఇదే ఏ క్రొయేషియా వాడి కథో అయితే మీరు వరసగా మూడు రోజులు వేసేవారు. ఏళ్ల తరబడి కలకత్తాలో ఆడిన మనిషి కాబట్టి ఢాకా డ్రెస్సింగ్ రూమ్ మరీ పరాయిగా అనిపించి ఉండదనుకుంటా, కానీ అది నా ఊహ మాత్రమే. అక్కడ ఏ భాషలో తిట్టేవాడు, పొద్దున ఎన్నింటికి గ్రౌండ్‌లోకి దించేవాడు, జీతం టైముకి వచ్చేదా, ఇండియాతో మ్యాచ్ అంటే ఎలా ఉండేది, ఇవన్నీ ఎవరైనా కూర్చుని అడిగి రాయాల్సిన సంగతులు. కాదంటారా?

మన పేపర్లలో పాత ఫుట్‌బాలర్ మళ్లీ కనిపించేది పోయినప్పుడే. 2023 ఫిబ్రవరిలో తులసీదాస్ బలరామ్ పోయారు. మన అమ్ముగూడ కుర్రాడు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టినవాడు. అదే ఏడాది ఆగస్టు 15న మన హైదరాబాద్ వాడే మహమ్మద్ హబీబ్ పోయారు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద హబీబ్ ఆడిన మోహన్ బగాన్ 2-2 డ్రా చేసిన కథ అందరూ మళ్లీ చెప్పారు. మంచిదే. అదే హబీబ్ ఆ తర్వాత టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకు ఆట నేర్పాడన్నది నేను చూసిన వాటిలో చివరి పేరాలో ఒక్క వాక్యం. ఆడింది పదిహేనేళ్లకు పైనే అయితే నేర్పింది కూడా తక్కువ కాలమేం కాదు కదండీ, ఆ కాలమంతా ఏమైపోయినట్టు?

ఇంకో సంగతి కూడా రాయాలి. పెద్ద ఆటగాడైతే చాలు, పెద్ద కోచ్ అయిపోతాడని మనవాళ్లకో నమ్మకం. ఐఎస్ఎల్‌లోనే (ఇండియన్ సూపర్ లీగ్, మన దేశ క్లబ్‌ల పెద్ద పోటీ) చూశాం. 2016లో కప్పు కొట్టిన కలకత్తా జట్టును ఆ తర్వాతి సీజన్లో ఇంగ్లండ్ స్టార్ టెడ్డీ షెరింగ్‌హామ్‌కు అప్పగిస్తే జనవరి కల్లా ఇంటికి పంపేశారు. ఇంకో ఇంగ్లండ్ స్టార్ రాబీ ఫౌలర్ ఉన్న 2020-21 సీజన్లో ఈస్ట్ బెంగాల్ పదకొండు జట్లలో తొమ్మిదోది. మరి ఇటలీ ఆటగాడు మెటరాజీ? 2015లో చెన్నైకి కప్పు తెచ్చాడు. ఆ ఫైనల్లో ఓడిన గోవా కోచ్ ఎవరో తెలుసా, సాక్షాత్తూ బ్రెజిల్ స్టార్ జీకో! ఆ జీకోయే జపాన్‌లో వేరే మనిషి. 1991లో ఆటగాడిగా అక్కడి ఒక క్లబ్‌కు వెళ్లి, ఆ క్లబ్‌తోనే ఉండిపోయి, అక్కడి పద్ధతులు ఒంటబట్టించుకుని, పదేళ్లు దాటాక 2002లో జాతీయ జట్టు కోచ్ అయ్యాడు, 2004 ఆసియా కప్ గెలిపించాడు. రెండేళ్ల తర్వాత వరల్డ్ కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలిపించలేకపోయాడు, అదీ నిజమే. కాలికి తెలిసిన విద్యను నోటితో చెప్పాలి, అదీ పరాయి దేశంలో దుబాసీని పక్కన పెట్టుకుని చెప్పాలి. ఆడటం వచ్చినంత మాత్రాన ఇది వచ్చేయదు.

మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, అదే రహీం సాబ్ అయితే అసలు ఇండియాకు ఆడనే లేదు. స్కూలు టీచర్. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణాలు, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అన్నీ ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే. 1962 జకార్తా స్వర్ణం తర్వాత ఏడాది తిరక్కుండానే క్యాన్సర్‌తో పోయారు. వాటం లేని కాలితోనే ఆడాలని నియమం పెట్టి ప్రత్యేకంగా పోటీలు నడిపేవారని ఈ ఊళ్లో పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

చెప్పుకోవడమేంటి, నేను కళ్లారా చూస్తున్నా. మా తిరుమలగిరి వైపు ఒక గ్రౌండ్‌లో, గడ్డి ఎక్కడో మూలన మాత్రమే ఉంటుంది, సాయంత్రం అయిదు దాటితే ఒక పెద్దాయన పాతిక మంది పిల్లల్ని పోగేస్తాడు. కోన్లు ఉండవు, ఇటుక ముక్కలే. ప్రతి పిల్లాడికీ ఏ కాలు వాటమో ఆ మడమ పైన ఒక చేతిరుమాలు కట్టిస్తాడు. రుమాలు ఉన్న కాలు బంతికి తగిలిందా, విజిల్, బంతి అవతలి జట్టుకు. మొదటి పది నిమిషాలు పిల్లలు తమ కాళ్లు తామే తొక్కుకుని పడతారు, నవ్వులే నవ్వులు. ఆ తర్వాత చూడాలి, ఎడమ కాలి లోపలి భాగంతో బంతిని మెత్తగా ఆపి పక్కవాడికి ఇచ్చేస్తుంటారు, వాళ్లకే తెలీదు అదెప్పుడు వచ్చిందో. దీన్నే కొండాపూర్, మాదాపూర్ టర్ఫ్‌ల మీద నేర్పితే గంటకింత అని వసూలు చేస్తారు. ఈయన ఒకప్పుడు రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ ఆడినవాడు. మధ్యలో ఒక ప్రైవేటు స్కూలు పిలిచి పెట్టుకుంది, యాన్యువల్ డే అయిపోగానే వద్దంది, రెండు నెలల జీతం ఇప్పటికీ ఇవ్వలేదు.

ఆయన దగ్గర ఉన్నది కోచింగ్‌లో డి లైసెన్స్. దాని పైన సి, బి, ఎ, ఆ పైన ప్రో. ప్రో ఉంటేనే ఐఎస్ఎల్‌లో హెడ్ కోచ్. విదేశాల్లో ఉద్యోగం కావాలన్నా ముందు ఈ కాగితాలే అడుగుతారు, నువ్వెన్ని గోల్స్ కొట్టావని ఎవడూ అడగడు. ఒక్కో మెట్టుకూ ఫీజు, రోజుల తరబడి క్యాంపు, ఉద్యోగంలో సెలవు దొరకాలన్న టెన్షన్. పోలీసులోనో రైల్వేలోనో బ్యాంకులోనో చేరిపోయిన మన ఆటగాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఎక్కినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఇండియాకు ఆడిన ఖాలిద్ జమీల్ 2017లో ఐజ్వాల్ లాంటి చిన్న క్లబ్‌ను ఐ-లీగ్ అనే జాతీయ లీగ్‌లో ఛాంపియన్ చేశాడు, 2025లో జాతీయ జట్టు కోచ్ అయ్యాడు. ఆయనకు ముందు ఆ కుర్చీలో ఉన్నది ఎవరనుకున్నారు, 2022లో మన హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ కప్ తెచ్చిన స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్. ఆయన వెళ్లిపోయాడు సరే, చివరికి ఆ క్లబ్బే ఊరు ఖాళీ చేసి ఢిల్లీ వెళ్లి పేరు మార్చుకుంది. గచ్చిబౌలి స్టేడియంలో ఇప్పుడు మనం ఎవరి కోసం అరవాలో మీరే చెప్పండి.

క్లబ్‌ను తిరిగి తీసుకురమ్మని పేపర్‌ను అడగలేను, మీ చేతిలో లేని పని. మీ చేతిలో ఉన్నవి రెండు అడుగుతున్నా. ఆదివారం అనుబంధంలో సినిమా పేజీలకు ఢోకా లేకుండానే ఒక పేజీ ఇచ్చి, ఈ ఊరి నుంచి బయటికి వెళ్లి కోచ్‌లుగా పనిచేసినవాళ్ల గురించి రాయించండి. ఒట్టి పతకాల పట్టిక వద్దు, వాళ్ల దగ్గర ఆడినవాళ్లను, పక్కన అసిస్టెంట్లుగా చేసినవాళ్లను వెతికి పట్టుకుని మాట్లాడించండి, ఢాకాకు ఒక ఫోన్ కొడితే పోయేదేం లేదు. రెండోది, కోచింగ్ లైసెన్స్ కోర్సు హైదరాబాద్‌లో గానీ చుట్టుపక్కల గానీ పెట్టినప్పుడల్లా తేదీ, ఫీజు, దరఖాస్తు గడువు ముందుగా వేయండి. నేడు నగరంలో కాలమ్‌లో పుస్తకావిష్కరణల పక్కన రెండు లైన్ల జాగా చాలు. మా పెద్దాయనకు ఫోన్లో గ్రూపులు చూడటం రాదు, పోయినసారి కోర్సు సంగతి గడువు దాటాక తెలిసింది. మీ పేపర్ మాత్రం రోజూ స్పోర్ట్స్ పేజీ నుంచి మొదలుపెట్టి మొత్తం చదువుతాడు.

మీ పాఠకుడు,
తిరుమలగిరి, సికింద్రాబాద్