చైనా మూలికలూ, ప్రాణం మీదికొచ్చిన జబ్బులూ

ఒరేయ్ ప్రసాదూ,

ప్రాణం మీదికొస్తే చైనా మూలికలు పనికొస్తాయా, అంతా ప్రచారమేనా అని అడిగావు. కొన్ని పనికొచ్చాయి. ఎలా అంటే, ముందు మలేరియా సంగతి చూడు.

నాలుగో శతాబ్దపు గె హోంగ్ వైద్యగ్రంథం మలేరియా జ్వరానికి చింగ్‌హావ్ అనే మూలికను గుప్పెడు నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమంది. కాచమనలేదు. 1971లో తు యూయూ అనే చైనా శాస్త్రవేత్త ఆ ముక్క పట్టుకునే, 35 డిగ్రీలకే మరిగే ఈథర్ అనే ద్రావకంతో సారం తీసింది. అంతకుముందు వేడికే మందు చెడిపోయేది. మలేరియాకిచ్చే ఆర్టిసునేట్ ఇంజెక్షన్ ఆ దారిలో వచ్చిందే. ఆసియాలో 1,461 మంది తీవ్ర మలేరియా రోగులతో చేసిన పరీక్ష 2005లో వెలువడింది: పాత మందు క్వినైన్ తీసుకున్నవాళ్లలో 22 శాతం పోతే, దీంతో 15 శాతం. మోతాదు, ఒంటి బరువు కిలోకి 2.4 మి.గ్రా. చొప్పున ఆసుపత్రిలో చేరగానే, 12 గంటలకు, 24 గంటలకు, ఆపైన రోజుకోసారి. 20 కిలోల లోపు పిల్లలకైతే 3 మి.గ్రా. కనీసం 24 గంటల ఇంజెక్షన్ అయ్యి, రోగి మింగగలిగాక మూడు రోజుల మలేరియా మాత్రలు పూర్తిగా వేయాలి, లేకపోతే జ్వరం తిరగబెడుతుంది. తగ్గిందనుకున్నాక కూడా ఎర్రకణాలు పగలొచ్చు, నాలుగు వారాలదాకా హిమోగ్లోబిన్ చూస్తుండాలి. ఆ ఆకుతో టీ కాచుకుంటే చాలదా అంటావేమో. చాలదు, అందులో మందెంతుందో ఎవరూ చెప్పలేరు.

సెప్సిస్‌కి, అంటే ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకి ప్రాణం మీదికొచ్చే జబ్బుకి, షూబీజింగ్ అని ఐదు మూలికల ఇంజెక్షన్ ఉంది, కుసుమపువ్వు అందులో ఒకటి. 100 మి.లీ. 12 గంటలకోసారి, ఐదు రోజులు. 1,817 మందిలో 28 రోజుల మరణాలు 26.1 నుంచి 18.8 శాతానికి దిగాయి. యాంటీబయాటిక్స్, సెలైన్ అందరికీ మామూలుగానే ఇచ్చారు, ఇది వాటికి తోడు మాత్రమే. అంతా చైనా ఆసుపత్రుల్లోనే జరిగింది. ఇంకో దేశంలోనూ ఇదే ఫలితం వస్తే అప్పుడు నమ్ముతా.

గుండెపోటుకి తోంగ్‌షిన్‌లువో అనే మూలికల క్యాప్సూల్సూ అంతే (తేలు, జలగ, బొద్దింక కూడా ఉంటాయి, వాడేముందు చదవకు!). మామూలు చికిత్సకు తోడిస్తే నెలలో మరణం, మళ్లీ గుండెపోటు, పక్షవాతం లాంటి ముప్పులు 5.2 నుంచి 3.4 శాతానికి తగ్గాయి.

మెదడులో రక్తస్రావం దగ్గర మాత్రం బోల్తా పడింది. 2024లో 1,641 మందితో చేసిన పరీక్షలో మూలికల కషాయానికీ ఉత్తుత్తి మందుకీ 90 రోజులకు తేడానే లేదు.

మీ వీధిలో ఎవరైనా ఫూజి వేరు తెచ్చి గుండెబలానికి అంటే ముట్టుకోకు. అది మన వసనాభి జాతిదే. గంటలతరబడి మరగకపోతే విషం విరగదు, గుండె లయ తప్పి ఆగిపోతుంది, విరుగుడు మందు లేదు.

నీ
రవి