మొదలు పెట్టాల్సింది లండన్‌లో కాదు, సికింద్రాబాద్‌లో

సంపాదకులు గారికి,

ముత్తాతల్లో ఒక ఇంగ్లీషు దొర ఉన్నాడని చెప్పుకునే ఇళ్లు సికింద్రాబాద్, లాలాగూడ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. వాళ్ల బంధువులు పాలమూరు, నల్లగొండ జిల్లాల్లోనూ ఉన్నారు. ఈ ఇళ్ల పిల్లలు ఇప్పుడు ఫోన్‌లో దొర పేరు కొట్టి, ఎవరో తయారుచేసి పెట్టిన వంశవృక్షాన్ని తమదే అనుకుని ఎక్కించుకుంటున్నారు. పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదు. జాన్ స్మిత్‌లు, విలియం జోన్స్‌లు అక్కడ వీధికొకరు ఉంటారు. దొర ఏ ఊరి చర్చి కింద పుట్టాడో తేలేదాకా ఇంగ్లండ్ రికార్డుల జోలికి పోవద్దు. ఆ ఊరి పేరు బయటపడేది ఎక్కువగా అతని ఇండియా కాగితాల్లోనే.

మనది నిజాం రాజ్యమే అయినా, సికింద్రాబాద్ దండు (కంటోన్మెంట్) చర్చిల్లో రాసుకున్న బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు మద్రాసుకు, అక్కడి నుంచి లండన్‌కు పోయేవి. బ్రిటిష్ లైబ్రరీలో అవి ఎన్/2 వరసలో ఉన్నాయి. బెంగాల్‌ది ఎన్/1, బొంబాయిది ఎన్/3. పేర్ల సూచిక ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో, ఇండియాలోని బ్రిటిష్ కుటుంబాల చరిత్ర సంఘమైన ఫిబిస్ సైట్‌లో డబ్బు కట్టకుండానే చూడొచ్చు. సూచికతో ఆగిపోకుండా అసలు పుట బొమ్మ తెప్పించుకోవాలి. తండ్రి ఉద్యోగం, పటాలం, సాక్షుల పేర్లు ఉండేది అక్కడే. పెళ్లి పద్దులో, ముఖ్యంగా పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో, వరుడి తండ్రి పేరు కూడా దొరుకుతుంది. బాప్తిస్మం పుట్టిన ఏడాదే జరగాలని లేదు. ఆ తర్వాతి నాలుగైదేళ్లు కూడా వెతకండి.

అతను సిపాయి అయితే రాణి పటాలమా (బ్రిటిష్ సైన్యం), ఈస్టిండియా కంపెనీ పటాలమా అన్నది ముందు తేల్చుకోవాలి. కంపెనీవాళ్ల కాగితాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉంటే, రాణివాళ్లవి లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడి డబ్ల్యూఓ (వార్ ఆఫీస్) 97 వరసలో పుట్టిన ఊరు, పాత వృత్తి, ఎత్తు, కళ్ల రంగు దాకా రాసి ఉంటాయి. చాలామంది బోల్తాపడేదీ ఇక్కడే. 1883కు ముందు ఆ వరసలో ఉన్నవి పింఛను మీద దిగినవాళ్ల కాగితాలు. కలరా వచ్చి ఇక్కడే పోయినవాడు అందులో కనిపించడు. అతని కోసం పటాలం హాజరు పట్టీల్లో చనిపోయినవాళ్ల జాబితా చూడాలి. పుట్టిన ఊరు తరచూ అక్కడ ఉంటుంది.

ఇంకో సంగతి. మన దగ్గర తెల్లోడంటే ఇంగ్లీషు దొరే. ఐర్లండ్‌వాడా, స్కాట్లండ్‌వాడా అని ఎవరూ అడగలేదు. పుట్టుక, పెళ్లి, చావు సర్కారు పుస్తకాల్లోకి ఎక్కడం ఇంగ్లండ్‌లో 1837 జులై 1న మొదలైంది. స్కాట్లండ్‌లో 1855 దాకా, ఐర్లండ్‌లో పూర్తిగా 1864 దాకా లేదు. దేశమే తప్పితే ఎన్నేళ్లు వెతికినా ఫలితం ఉండదు.

ఊరు తేలాక పని సులువవుతుంది. పుట్టుకను ఆరు వారాల్లోగా రాయించుకోవచ్చు కాబట్టి డిసెంబర్‌లో పుట్టిన బిడ్డ తర్వాతి ఏడాది మొదటి త్రైమాసికం సూచికలో తేలొచ్చు. అక్కడి 1841 జనగణనలో 15 దాటినవాళ్ల వయసు ఐదుకు తగ్గించి రాశారు. 39 ఏళ్లవాడు 35 అయ్యాడు. 1851 నుంచి పుట్టిన ఊరు, ఇంటి యజమానితో వరుస కూడా ఉన్నాయి. 1837కు వెనక్కి పోవాలంటే చర్చి పుస్తకాలే దిక్కు. అవి 1538 నుంచి మొదలవుతాయి కానీ, ఆ తొలినాళ్లవి అన్ని ఊళ్లకూ మిగల్లేదు. 1752కు ముందు ఇంగ్లండ్‌లో ఏడాది మార్చి 25న మారేది. 1720 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో 1721. పాత పహాణీలోని ఫసలీ సంవత్సరానికి 590 కలిపి చూసుకునే మనవాళ్లకు ఇదేం కష్టం కాదు.

ఇంత శ్రమపడి దొర వైపు పదితరాలు లాగినా, సగం చెట్టే వచ్చినట్టు. పాత బాప్తిస్మం పద్దుల్లో చాలాచోట్ల తల్లి పేరు లేదు. ‘నేటివ్ వుమన్’ (ఇక్కడి ఆడమనిషి) అని రెండు ముక్కలు రాసి వదిలేశారు. పేరున్నా, అది బాప్తిస్మంలో పెట్టిన మేరీయో, ఆనో. ఆమె ఏ ఊరి ఆడబిడ్డో లండన్‌లో ఏ పుస్తకమూ చెప్పదు. ఇది మనకు కోపం రావాల్సిన విషయం. ఆమె పాత పేరు, పుట్టింటి ఊరు ఇంకా తెలిసినవాళ్లుంటే వాళ్లు ఇంట్లోని ముసలమ్మలే. అందుకే కంప్యూటర్ తెరిచే ముందు వాళ్ల దగ్గర కూర్చోండి. అమ్మమ్మ వాళ్లమ్మను ఇంట్లో ఏమని పిలిచేవారో, ఏ జాతరకు పోయేదో, ఆమె తమ్ముళ్లు ఎక్కడి నుంచి వచ్చేవారో అడిగి, చెప్పినవాళ్ల పేరు, తేదీతో సహా రాసుకోండి.

— ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్